బత్తలపల్లీయము: మేనల్లుని కబురునకు టీకా తాత్పర్యములు

మూలము: "మామా, నిన్న కనుమ దాటినాం. నాలుగ్గంటలకే లేసి ఫేదీ నుంచి బయల్దేరినాం. గైడు బిస్తారై బిస్తారై అంటానే ఉండాడు. ఊపిరి చాల్లేదు. పైన టీ అంగడి ఉండాది. ముక్తినాథ్‌లో పప్పన్నం తిన్నాం. కాళ్లు బాగుండాయి. అమ్మకు చెప్పొద్దు."

అవతారిక: మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని చెప్పననియు ప్రతిజ్ఞ చేసి నిలుపుకొన్న వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి. మెదకు సీమలోని కొలిచారము పేరు మోసిన ఆ మహానుభావుడు, కాళిదాసుని హిమవద్వర్ణనకు పదపదమునకును అర్థము చెప్పినాడే గాని, హిమాలయమును కన్నులార చూచితివా యని ఆయనను నిలదీసిన పాఠకుడు లేడు. వ్యాఖ్యాతకు చూపు అక్కఱలేదు, వ్యుత్పత్తి చాలును. ఆ ధైర్యముతోనే, పెనుకొండను మించిన కొండ నెక్కి యెఱుగని నేను ఈ 'బత్తలపల్లీయ' మను వ్యాఖ్యకు పూనుకొనుచున్నాను. ప్రతిజ్ఞ మాత్రము చేయను; ఎనిమిది వాక్యముల కబురులో మూలమునకే కట్టుబడి కూర్చున్నచో వ్యాఖ్యాతకు మిగులున దేమి?

కర్త మా మేనల్లుడు. కొలువు బెంగుళూరు, స్వస్థలము అనంతపురమునుండి కదిరికి పోవు దారిలో, ధర్మవరమునకు చేరువనున్న బత్తలపల్లి. రచనాస్థలము నేపాలదేశమున అన్నపూర్ణ పర్వతశ్రేణికి ఉత్తరపు వాలు. రచనాకాలము అక్టోబరు మాసము. నాకు కంటిపొర తీసి వారమైనది. ఫోను తెఱ చూడరాదని వైద్యుని ఆజ్ఞ. కావున ఈ మూలము నాకు కంటివలన గాక చెవివలన లభించినది, అనగా వేదమువలె శ్రుతి. చదివినవారు పొయ్యిదగ్గఱనుండి చేతి పిండి తుడుచుకొనుచు వచ్చి, నిలువుకాళ్లమీద ఒక్క పర్యాయము చదివి వినిపించిరి. పాఠాంతరము లున్నచో దోషము నాది కాదు.

"నిన్న కనుమ దాటినాం": ఇచ్చట పూర్వపక్షి లేచి, కనుమనాడు కాకియైన కదలదని మనవారు చెప్పుచుండగా ఈ పిల్లవాడు ఆనాడే ప్రయాణము కట్టుట అనాచారము గదా యని ఆక్షేపించును. అది పొసగదు. సంక్రాంతి జనవరిలో వచ్చును, ఇది అక్టోబరు. మఱియు ఇచ్చటి కనుమ పశువుల పండుగ కాదు. రెండు కొండల నడుమ ఈవలివారు ఆవలికి పోవుటకు ప్రకృతి విడిచిన సందు. దాని పేరు థొరాంగ్ లా, ఎత్తు 5,416 మీటర్లు. టిబెట్టు భాషలో 'లా' యనగా కనుమయే గావున, 'థొరాంగ్ లా కనుమ' యనుట 'నడిసెంటరు' అనుటవంటి పునరుక్తి యగును. కర్త పేరు విడిచి వట్టి కనుమ యని వ్రాయుటవలన ఈ దోషమునుండి తప్పించుకొనెను. తెలిసి తప్పించుకొనెనని నేను నమ్మను.

శిఖర మని వ్రాయక కనుమ యని వ్రాయుట గమనింపదగినది. 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండని మన నిజామాబాదు జిల్లా పాకాల బాలిక మాలావత్ పూర్ణ ఎవరెస్టు నెక్కినప్పుడు తెలుగునేల అంతయు పొంగిపోయెను, పొంగవలసినదే. అయినను శిఖర మెక్కినవారు ఎక్కిన దారినే దిగివత్తురు. కనుమ దాటినవాడు ఆవలి ఊరిలో అన్నము తినును. ఒకటి కీర్తికి, మఱియొకటి బ్రతుకుటకు. ఆ సీమలో కనుమలను మొదట దాటినది టిబెట్టు ఉప్పును ధాన్యమునకు మార్చుకొను వర్తకులును, మందలు తోలుకొనిపోవు కాపరులును. సెలవు పెట్టి, సొమ్ము చెల్లించి, నడచుటకే నడచువారు చాల తరువాత వచ్చినవారు.

ఇక "దాటినాం" అను క్రియ. ఎవరు దాటినారు? తెలుగున 'మేము' వేఱు, 'మనము' వేఱు. ఈ సూక్ష్మము లేని భాషలు లోకమున పెక్కు గలవు, పాపము. కాని క్రియకు వచ్చుసరికి మన 'నాం' రెంటికిని ఒక్కటియే. ఈ బహువచనములో కర్తయు, వాని స్నేహితు లిద్దఱును, గైడును ఉన్నారని ఒప్పుకొందము. వారి మూటలు మోసినవాడో? వెనుకటి కబురులో వాని ప్రసక్తి ఒక్కసారి వచ్చినది: రెండు పెద్ద సంచులను ఒకదానితో నొకటి త్రాట కట్టి, 'నామ్లో' అను వెడల్పు పట్టెడను వాని క్రిందుగా పోనిచ్చి, దాని రెండవ మడతను నొసట తగిలించుకొని, మెడ నరములు త్రాళ్లవలె తేలగా, నేల చూచుచు నడచునట. ధర్మవరము స్టేషనులో మూట మోయు హమాలీకి నెత్తి గుడ్డచుట్టయైన నున్నది. వీనికి నొసలే ఆధారము. ఒక్క నడకల కాలములోనే ఈ కనుమను పలుమాఱులు దాటుచున్నను వాడు ఏ మామకును కబురు పంపడు. వానిని 'నాం' లో చేర్చియే నేను అన్వయించుచున్నాను. కర్త ఉద్దేశము వేఱైనచో వచ్చినప్పుడు మందలింతును.

"నాలుగ్గంటలకే లేసి": 'లేచి' యని శిష్టపాఠము. బత్తలపల్లిలో ఎనిమిదింటికి ముందు ఈ కర్త లేచిన దాఖలా లేదు గావున ఏవకారము ఆశ్చర్యార్థకము. పొద్దెక్కినకొలది ఆ కనుమలో గాలి మనుష్యుని నిలువనీయదు; అది లేవకముందే దాటిపోవలెనని చీకటిలో బయలుదేరుదురు. ఫేదీ యనగా నేపాలీలో కొండ అడుగు. అడుగు అనబడు ఆ చోటే నాలుగున్నర వేల మీటర్ల యెత్తు! మా ఊరు మూడునాలుగు వందలకు మించదు. అడుగని పేరు పెట్టినవారి వినయమును మెచ్చుకొనక తప్పదు.

"గైడు": దీనిని ఆంగ్లశబ్ద మని ఆధునికు లందురు. మాకు సమ్మతము గాదు. 'గైకొను' ధాతువున తొలి అక్షరము నిలిచి, మహద్వాచకము గావున ప్రథమావిభక్తి 'డు' చేరి గైడు అయ్యెను. ఏమి గైకొనును? మొదట రుసుము; పిదప మన తొందర. 2023 ఏప్రిల్ నుండి విదేశీయులు గైడు లేక ఇట్టి దారులలో నడువరాదని నేపాలు ప్రభుత్వము నియమము చేసినది గావున, ఈ రెండింటిని సమర్పించుకొనుట ఇప్పుడు రాజాజ్ఞ.

"బిస్తారై బిస్తారై": ఈ కబురునకు ప్రాణ మిదియే గావున ఇచ్చట కొంత నిలువవలెను. వ-బ లకు అభేదము గావున బిస్తారై యనగా విస్తారమే. ఒకేసారి మ్రింగవలసినదానిని పఱచుకొని తినుము, మెల్లగా పొమ్ము అని భావము. రెండవ పలుకు ఆమ్రేడితము. ఒక్కసారి చెప్పిన చాలదా? చాలదు. మొదటిది కాళ్లకు, రెండవది రక్తమునకు. కాళ్లు ఒకనాటిలో అలవాటుపడును, రక్తము పడదు. మూడువేల మీటర్లు దాటిన పిమ్మట, నేడు పడుకొన్న చోటికంటె రేపు పడుకొను చోటు ఐదువందల మీటర్లకు మించి యెత్తున నుండరాదని, మూడు నాలుగు దినముల కొకమాఱు కదలక ఉండవలెనని కొండవైద్యుల శాసనము. అందుచేతనే వీరు చామే, పిసాంగ్ ఊళ్లు దాటి, 3,500 మీటర్ల యెత్తున మనాంగ్ చేరి, చేయుటకు పని యేమియు లేకున్నను రెండు రాత్రులు అచ్చట ఉండిరి. పని లేదంటినే, ఒకటి యున్నది: మా బత్తలపల్లికి ఆర్.డి.టి. ఆసుపత్రి యెట్లో మనాంగ్‌కు హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారి చిన్న వైద్యశాల యట్లు. నడకల కాలమున అచ్చటి వైద్యులు మధ్యాహ్నము యాత్రికులను కూర్చుండబెట్టి, తలనొప్పి యెప్పుడు తలనొప్పియో ఎప్పుడు యముని పిలుపో చెప్పుదురు. పిలుపైనచో మందు ఒక్కటే, క్రిందికి దిగుట. వేగిరపడి పైకెక్కిన యువకులు వాంతులతో దిగివచ్చుట, ముసలివారు జపమాల త్రిప్పుకొనుచు దాటిపోవుట ఆ దారిలో వాడుకయట. ఈ ఒక్క విషయమున నాకును ఆశ కలుగుచున్నది.

"ఊపిరి చాల్లేదు": చదివినవారు ఇచ్చట ఒక క్షణము ఆగిరి. విరామచిహ్న మున్నదేమో యని అడిగితిని, లేదనిరి. అర్థము స్పష్టమే యైనను శాస్త్రము చెప్పవలెను. కొండమీద గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గునని లోకులు అనుకొందురు, తప్పు. అచ్చటను ఇచ్చటను నూటికి ఇరువదియొక్క పాళ్లే. తగ్గునది గాలి ఒత్తిడి. 5,400 మీటర్ల యెత్తున అది సముద్రతీరపు ఒత్తిడిలో సగమునకు కొంచెము మాత్రమే పైన. అనగా శేరు నింపిన చోట అరశేరు పోయుచున్నారు. గింజలో కల్తీ లేదు, కొలపాత్రయే చిన్నది. కరవుసీమవారికి ఈ లెక్క విడమఱచి చెప్పనక్కఱలేదు.

"పైన టీ అంగడి ఉండాది": అంగడి యనుటలో మా సీమ వాసన యున్నది. రంగురంగుల మంత్రపతాకలు గాలికి తపతప కొట్టుకొనుచుండగా, వాని ప్రక్క రాళ్లుపేర్చిన చిన్న గుడిసెలో టీ కాచి అమ్ముదురట. ధర ఎక్కువ, ఎక్కువ గాక యేమి, కిరసనాయిలు నడచి వచ్చునా? అలంకారము స్వభావోక్తి. ఇంతకు మించి వ్రాయను.

"ముక్తినాథ్‌లో పప్పన్నం తిన్నాం": కనుమనుండి ఒక్కనాటనే పదహారువందల మీటర్లకు పైగా దిగి చేరు ఊరు ముక్తినాథము. నూటయెనిమిది దివ్యదేశములలో సాలగ్రామక్షేత్ర మిదియే. ఆలయము వెనుక నూటయెనిమిది ధారలు; హిందువులకు విష్ణువు, బౌద్ధులకును పూజ్యస్థానము; క్రింద కాలీగండకిలో సాలగ్రామములు. ధారలన్నిటి క్రిందను తల యొగ్గినాడో లేదో వ్రాయక, పప్పన్నము తిన్నానని మాత్రము వ్రాసిన కర్తపై ఆస్తికులు కోపింపవచ్చును. ఆవలి వైపునుండి జీపులలో వచ్చి సుఖముగా దర్శనము చేసికొను మన తెలుగు యాత్రికులు గలరు గదా, వీడు చుట్టు తిరిగి కొండ దాటి వచ్చినది పప్పన్నమునకా యని కూడ అడుగవచ్చును.

వారికి నా సమాధానము. అన్నపూర్ణ యని పేరు గల ఆ పర్వతమును 1950 జూన్ 3వ తేదీన ఫ్రెంచివాడైన మోరిస్ ఎర్జోగ్, లాషెనాల్ అనువానితో కలిసి మొదటిసారి ఎక్కెను. అంతకుముందు దారి వెదకుచు ఆయన మనాంగ్ చేరినప్పుడు ఆ ఊరివారికడ అమ్మజూపుటకు తిండి లేక, ఆకలితో మరలవలసివచ్చెను. అన్నపూర్ణ పాదములకడ అన్నము లేకపోయెను! 1876లో మొదలైన ధాత కరవు కథలు అవ్వల నోట విని పెరిగిన మా ఇండ్లలో, దూరము పోయిన పిల్లవానిని మొదట అడుగు ప్రశ్న దేవుని చూచితివా యని కాదు, తింటివా యని. ఆ దేశమున పప్పన్నము చాలు ననువఱకు మఱల మఱల వడ్డింతురట. కర్త దేవతను విడువలేదు; పేరు చెప్పలేదు, అంతే.

"కాళ్లు బాగుండాయి": పదియవ తరగతిలో పెనుకొండ కోట యెక్కి వచ్చి రెండు దినములు కుంటినవాడు వ్రాసిన వాక్యము. ప్రమాణము గాదు.

"అమ్మకు చెప్పొద్దు": ఇది నిషేధవిధి. ఏది చెప్పరాదు? పప్పన్నమా? కాదు. టీ అంగడియా? కాదు. ఊపిరి చాలకపోవుట యనియే స్వారస్యము. కాని లోతుగా చూచినచో కారణము మఱొకటి. ఈ కనుమకును తెలుగువారికిని ఒక చుట్టరికము గలదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును చీల్చి చెండాడిన హుద్‌హుద్ తుపాను అంతతో శాంతింపక, ఉత్తరముగా పోయి, రెండుదినముల తరువాత ఇదే థొరాంగ్ లా పరిసరములలో మంచై కురిసి, యాత్రికులు, గైడులు, మోతగాండ్రు కలిసి నలుబదిమందికి పైగా పొట్టన బెట్టుకొన్నది. ఎండకాచిన విశాఖలో చెట్లు నఱకి దారి చేసికొనుచున్న వేళ, ఆ మేఘములే అచ్చట నడుములోతు మంచు పోసినవి. అదే మాసము, అదే దారి. ఆనాటి వార్తను టీవీలో చూచిన తల్లులు ఊరి పేరు మఱచినను, మంచులోనుండి మనుష్యులను త్రవ్వి తీయుట మఱవరు. కర్తకు ఇది తెలియును. అందుచేతనే మామకు వ్రాసినాడు. అందుచేతనే దాటుచున్నా మని గాక, దాటినా మని భూతకాలమున వ్రాసినాడు.

తాత్పర్యము: క్షేమముగా నున్నాను.

ఇక వ్యాఖ్యాత ధర్మసంకటము. చెప్పవద్దని మూలకర్త శాసించినాడు; నేను చెప్పలేదు. ఎవరును చెప్పలేదు. మూలమును నాకు చదివి వినిపించినది మా అక్కయే. ఆ చివరి వాక్యమును కూడ తక్కిన ఏడింటివలెనే, అదే గొంతుతో చదివి, ఫోను నా చేతిలో పెట్టి, పెనము మీది జొన్నరొట్టె మాడుచున్నదని లోపలికి పోయినది.