బండి గట్టిదే బావా, బోల్టులే ఆగవు

నిజ్వా, ఒమన్

 

బావా, నువ్వు ఒడియా బళ్ళో చదువుకున్నోడివి, నీకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. కాబట్టి ఈ ఉత్తరం అక్కే పైకి చదివి వినిపిస్తుంది. అక్కా, మధ్యలో ఆపి తిట్టాలనిపించినా చివరిదాకా చదివి అప్పుడు తిట్టు. మొన్న ఫోన్లో బావ గుసగుసగా అడిగిన సంగతి రాస్తున్నాను. గుసగుస ఎందుకో నాకు తెలుసు. ఏం చెయ్యను, ఉత్తరానికి గుసగుసలాడడం రాదు.

బావ అడిగిందేటంటే, ఎడారిలో నేను నడిపే రకం నాలుగు డోర్ల పికప్ ఒకటి కొనీసి, దారింగ్‌బాడీ వైపు నుంచి బరంపురానికి పసుపు దింపితే ఎలగుంటుంది, కొండల్లో ఎన్నాళ్ళు ఆగుతుంది అని.

ముందు నా బండి సంగతి. ఏ కంపెనీదని అడక్కు. నీటి బోర్లు తవ్వించే కాంట్రాక్టరు దగ్గర పని నాది. రిగ్గు ఎక్కడో ఎడారిలో ఉంటుంది. దానికి పైపులు, డీజిలు, వంటవాడికి ఉల్లిపాయలు నేను మోసుకుపోవాలి. ఇక్కడ ఎటు చూసినా తెల్ల పికప్పులే. పొద్దున్నే యార్డులో మన బండి ఏదో పోల్చుకోవాలంటే వెనకద్దం మీద నేనంటించిన తారాతారిణి అమ్మవారి స్టిక్కరొక్కటే ఆధారం.

ఇలాంటి బళ్ళకి చావు లేదని లోకమంతా అనుకుంటుంది. ఆ పేరు ఊరికే రాలేదులే. 2003లో బీబీసీ వాళ్ళ టాప్ గేర్ కార్యక్రమంలో ఒక పాత టయోటా హైలక్స్ తెచ్చి మెట్ల మీంచి దింపారు, చెట్టుకి గుద్దారు, సముద్రం పోటులో ముంచారు, దాని మీద కారవాన్ పడేశారు, ఇనప గుండుతో బాదారు, నిప్పు పెట్టారు. అదీ చాలక కూల్చబోయే భవనం నెత్తిన నిలబెట్టి భవనాన్ని పేల్చేశారు. కొత్త స్పేర్ పార్టు ఒక్కటీ వెయ్యకుండా, ఉన్నవాటినే పానాలు పట్టుకుని బిగించి మళ్ళీ స్టార్ట్ చేశారు. ఇదంతా మా పఠాన్ మెకానిక్కి ఫోన్లో చూపించాను. గడ్డం నిమురుకుంటూ చివరిదాకా చూసి, "ఇన్ని చేశారు గాని, లోడు వేసి గ్రేడర్ రోడ్డు మీద ఏడాది పాటు తిప్పలేదే? భయపడ్డారా?" అన్నాడు.

అసలు కథ అక్కడుంది బావా. ఎడారంటే ఇసకే అనుకుంటావు. ఇసక మెత్తగా ఉంటుంది, బండిని పెద్దగా కొట్టదు. చంపేది కంకర రోడ్డు. గ్రేడరు వచ్చి సాపు చేసి వెళ్తుంది. బళ్ళు తిరిగేకొద్దీ దాని మీద అడ్డంగా అలలు లేస్తాయి. చక్రం చిన్న ఎత్తు ఎక్కి దిగినప్పుడు అవతల మట్టిని నొక్కుతుంది, అక్కడ పడ్డ గుంత వెనకొచ్చే బండిని ఎగరేస్తుంది, అది దిగిన చోట ఇంకో గుంత. కొన్నాళ్ళకి రోడ్డంతా రేకుల షెడ్డు కప్పు మీద బండి నడుపుతున్నట్టుంటుంది. నెమ్మదిగా పోతే పళ్ళు రాలతాయి. డెబ్భై మీద పోతే చక్రాలు అలల నెత్తిన ఎగురుకుంటూ పోతాయి, హాయిగా ఉంటుంది. కాకపోతే టైరు సగంసేపు గాల్లోనే ఉంటుంది కాబట్టి స్టీరింగు తిప్పితే బండి "చూద్దాంలే" అంటుంది, బ్రేకు వేస్తే "ఇప్పుడేనా?" అంటుంది.

ఇంత దెబ్బకీ ఇంజనుకేమీ కాదు. గేరుబాక్సుకీ కాదు. ముందుగా రాలేది నంబరు ప్లేటు. తరవాత మడ్‌ఫ్లాపు, బ్యాటరీ క్లాంపు, సైలెన్సరు పట్టుకునే రబ్బర్లు. ఆపైన అసలు ఖర్చు మొదలవుతుంది. షాకబ్జార్లు పైకీ కిందకీ ఆడీ ఆడీ కాగిపోతాయి, లోపలి నూనె నురగ కడుతుంది, ఇక అవి బండికున్నా లేనట్టే. ముందు ఆర్ముల బుష్షులు చిరుగుతాయి, బాల్ జాయింట్లు లూజవుతాయి. వెనక కమాన్ పట్టీలని ఇరుసుకి కట్టిపట్టే యూ బోల్టులు వదులవుతాయి. అలాగే వదిలేస్తే సెంటరు బోల్టు తెగి ఇరుసు పక్కకి జరుగుతుంది. అప్పుడు బండి మొహం సలాలా వైపు, నడక మస్కట్ వైపు. అందుకే మా పఠాన్ వారానికోసారి బండి కిందకి దూరి, ప్రతి బోల్టునీ పేరు పెట్టి పలకరించి బిగిస్తాడు. సొంత తమ్ముడితో ఇంత ప్రేమగా మాట్లాడ్డం ఎప్పుడూ వినలేదు.

ఇంకోటి. ఈ బళ్ళకి క్యాబిన్ వేరు, వెనక డాలా వేరు. రెండూ నిచ్చెనలాంటి ఛాసిస్ మీద విడివిడిగా కూచుంటాయి. వంకర గోతిలో దిగితే క్యాబిన్ ఒక వైపు, డాలా ఇంకో వైపు ఒరుగుతాయి. అద్దంలో చూసి భయపడనక్కర్లేదు, అలా మెలిక తిరగడానికే రెండిటి మధ్యా సందు వదిలారు. ఛాసిస్ ఓర్చుకోలేనిది మాత్రం ఒకటుంది. వెనక ఇరుసు దాటి బరువు వేలాడితే, గోతిలో పడ్డ ప్రతిసారీ ఆ బరువు కిందకి గుంజుతుంది, క్యాబిన్ వెనకాలే ఛాసిస్ వంగుతుంది. మనూళ్ళో డాలా తలుపు దించి, దాని మీద ఇంకో నాలుగు బస్తాలేసి, వాటి మీద ఇద్దర్ని కూచోబెట్టి, వాళ్ళ చేతికి ఒక సైకిలిచ్చి పట్టుకోమంటాం చూడు, ఆ లెక్క ఏ జపాను ఇంజనీరూ కట్టలేదు.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి, నువ్వు రుషికుల్య ఏట్లో దింపుతానంటావు. ఇక్కడ కొండల్లో ఎక్కడో వాన పడితే, మనమున్న చోట ఎండ కాస్తుండగానే వాగు వచ్చి పడుతుంది. పారుతున్న వాగులో బండి దింపితే ఇక్కడ నేరం, పోలీసులు ఊరుకోరు. మన దగ్గర అయితే చూసినవాళ్ళు చప్పట్లు కొడతారు. కంపెనీలు కూడా ఊరిస్తాయి, మన దేశంలో అమ్మే హైలక్స్ 700 మిల్లీమీటర్ల లోతు నీళ్ళు దాటుతుందని చెప్తారు. దాటుతుంది. దాటాక ఏమవుతుందో వినాలి. పరుగెత్తి వేడెక్కిన ఇరుసు చల్ల నీళ్ళలో మునిగిందంటే లోపలి గాలి కుంచించుకుపోయి నీళ్ళని లోపలికి లాక్కుంటుంది. గాలి కోసం పెట్టిన చిన్న గొట్టం దుమ్ముతో మూసుకుపోతే, ఆయిలు సీళ్ళ సందులోంచి లాక్కుంటుంది. ఆ రోజు ఏమీ తెలీదు. నెల తరవాత డిఫరెన్షియల్ మూత విప్పితే నూనెకి బదులు పాలకోవా.

ఇసకలో మాత్రం కిటుకు ఒకటే, టైర్లలో గాలి తియ్యడం. వహీబా ఇసక దిబ్బల్లోకి పోయేవాళ్ళు 35 ఉన్న గాలిని 15, 18కి దించేస్తారు, టైరు వెడల్పయి ఇసక మీద తేలుతుంది. దిబ్బల అంచున బిదియా అనే ఊళ్ళో టైరు షాపులకి ఇదే బేరం, వెళ్ళేటప్పుడు గాలి తీస్తారు, వచ్చేటప్పుడు కొడతారు. గాలితో బతికే ఊరు బావా! తారెక్కాక మళ్ళీ కొట్టించకుండా ఎనభైలో పోతే టైరు పక్క గోడ కాగి చిరుగుతుంది.

అలాగే ఫోర్ వీల్. నీ సంగతి నాకు తెలుసు, బడా బజారు మలుపులో ఫోర్ వీల్ వేసి నలుగురికీ చూపిస్తావు. ఈ రకం బళ్ళలో ఫోర్ వీల్ వేస్తే ముందు ఇరుసూ వెనక ఇరుసూ కలిసి బిగుసుకుంటాయి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే ఏదో ఒక చక్రం జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు, మెలికంతా గేర్ల మీద పడుతుంది. నలుగురూ చూస్తారు, నిజమే. చూసి తొయ్యాల్సొస్తుంది.

ఇక ధర. అక్కా, మంచినీళ్ళు తాగి చదువు. హైలక్స్ మన దేశానికి 2022లో వచ్చింది. ఆ మార్చిలో చెప్పిన మొదలు ధర 33.99 లక్షలు. చదివేశావా? కూచో. బావ వైపు చూడకు, పాపం. అంతకన్నా తక్కువలో కావాలంటే ఇసుజు వాళ్ళ వి-క్రాస్ ఉంది, మన తెలుగు గడ్డ మీదే శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతోంది. రెండూ మంచి బళ్ళే. కాని నాలుగు డోర్లు పెట్టాక డాలాకి మిగిలేది అయిదడుగులు. అందులో పసుపు బస్తాలు ఎన్ని పడతాయో కొలిచి చూడు. 1.7 టన్నుల బరువు పేరులోనే పెట్టుకున్న బొలెరో పికప్ ఆ డబ్బుకి ఎన్నొస్తాయో అక్క వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్తుంది. సొరడా దాటాక ఘాట్ నిటారుగా ఉంటుంది, ఒప్పుకుంటాను. అయినా అది తారు రోడ్డు. నీకు కావలసింది మంచి బ్రేకులు, కొత్త టైర్లు, దిగేటప్పుడు గేరులో దింపే డ్రైవరు. కొండ మీద ఊళ్ళోంచి తారు దాకా మట్టి దారి ఉంటే, అక్కడికి జీపువాణ్ణి మాట్లాడుకో.

పాతది కొంటే నీ ఇష్టమొచ్చిన చోట చూడు గాని, బరంపురంలో టాటా బెంజ్ ఛక్ కూడలి దగ్గర దళారి మాట విని టీ తాగుతూ సంతకం పెట్టకు. (టాటా, బెంజ్ 1954లో జతకట్టి 1969లో విడిపోయారు. మన ఛక్ మాత్రం వాళ్ళని ఇప్పటికీ కలిపే ఉంచింది.) బండి కిందకి దూరు. పొట్ట అడ్డమొస్తే మా మేనల్లుణ్ణి దూరమను. ఛాసిస్‌కి కొత్త నల్ల రంగుంటే ఎందుకేశారని అడుగు. డాలాకీ క్యాబిన్‌కీ మధ్య సందు పైన ఎంతుందో కింద అంతే ఉందా అని చూడు, తేడా ఉంటే నడుం వంగిన బండి. గోపాల్‌పూర్ సముద్రం వైపు తిరిగిన బండైతే డోర్ల అడుగున తుప్పు గిల్లి చూడు.

మన లంజిపల్లి కుర్రాడు వచ్చే నెల ఇక్కడికి వస్తున్నాడు, అతనితో ఏమైనా పంపుతానంది అక్క. అప్పడాలు మాత్రం వద్దు. కిందటిసారి బరంపురం నుంచి మస్కట్ దాకా ఒక్కటీ విరగలేదు. మస్కట్ నుంచి రిగ్గు దాకా నా బండిలో తెచ్చాక డబ్బా తీస్తే పిండి. వంటవాడు దాన్ని చారులో కలిపేసి చాలా బాగుందన్నాడు. ఈసారి ఆవకాయ పంపండి. మూత బిగించి, దాని మీద గుడ్డ కట్టి, మళ్ళీ ఇంకో మూత పెట్టండి.

ఇట్లు,
మీ తమ్ముడు, నీ బావమరిది