చాయ్ హోటల్ మానసిక శాస్త్రం

కామారెడ్డిలో బస్సెక్కి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డిలో దిగేదాకా మానసిక నిపుణులకు కరువు లేదు. టీవీలో హత్య వార్త పడితే చాలు, చాయ్ చల్లారకముందే తీర్పు వచ్చేస్తుంది. "వాడు సైకోనే. కండ్లు చూస్తె తెలుస్తలేదా?" కెనడా మానసిక శాస్త్రవేత్త రాబర్ట్ హేర్ పాపం, సైకోపాత్‌ను గుర్తించే ఇదే పనికి 20 అంశాల పట్టిక రాసుకున్నాడు. ఇంటర్వ్యూ చేయాలట, పాత రికార్డులు తిరగేయాలట, 40కి 30 మార్కులు వస్తే తప్ప ఆ మాట అనకూడదట. ఎల్లారెడ్డిలో ఒక చాయ్ తాగి ఉంటే అంత కష్టం తప్పేది.

హోటల్ పట్టికలో అంశాలు మూడే: మాసిన గడ్డం, మంచీచెడూ తెలియకపోవడం, కోపం ఆపుకోలేకపోవడం.

2023 డిసెంబరులో సదాశివనగర్ మండలంలో కాలిన శవం దొరికింది. పోలీసులు తీగ లాగితే మాక్లూర్ కేసు బయటపడింది. వాళ్ల కథనం ప్రకారం, ఒక ఇంటి కోసం స్నేహితుడి కుటుంబంలో ఆరుగురిని ఒకరి తర్వాత ఒకరిని నమ్మించి తీసుకుపోయి చంపారు. ముందు రిజిస్ట్రేషన్, తర్వాత హత్యలు. కోపం ఆపుకోలేనివాడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తన వంతు వచ్చేదాకా కూచుంటాడా? ప్రధాన నిందితుడు సైకోపాతో కాదో తేల్చాల్సింది డాక్టర్లు. టీవీలు మాత్రం 'సైకో' ముద్ర అప్పుడే గుద్దేశాయి.

అసలు సైకోపాత్‌కు మంచీచెడూ తెలియదన్నదే అనుమానం. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు అలాంటి నేరస్థుల ముందు ధర్మసంకటాలు పెడితే, వాళ్లు మనలాగే తప్పొప్పులు చెప్పారు. తెలుసు, పట్టదు, అంతే. వాళ్లు చేయి ఎత్తేది చాలాసార్లు లెక్క చూసుకున్నాకే.

లెక్కా పత్రం లేకుండా చేయి ఎత్తేది ఎవరయ్యా అంటే, మనమే. 2018 మేలో పిల్లలనెత్తుకుపోయే ముఠా వచ్చిందని వాట్సాప్ చెప్పగానే తెలంగాణ పల్లెల్లో కట్టెలు లేచాయి. అమాయకులు చచ్చిపోయారు. కొట్టినవాళ్లు కసాయివాళ్లేం కాదు, పిల్లలను ప్రేమించేవాళ్లు, ఊరిని కాపాడుతున్నామనుకున్నవాళ్లు. మనిషి చేసే హింసలో ఎక్కువ భాగం న్యాయమనుకుని చేసేదేనని పరిశోధకులు అలన్ ఫిస్కే, తేజ్ రాయ్ 2014లో పుస్తకమే రాశారు. హోటల్ పట్టికలో ఈ అంశం ఎందుకు లేదో మరి.

అందుకే బస్టాండులో తనలో తాను మాట్లాడుకునే మనిషి కనిపిస్తే హోటల్ పట్టిక తీసి అతనికి మార్కులు వేయకండి. మానసిక జబ్బుతో తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్నాడనిపిస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అతన్ని రక్షణలోకి తీసుకోవాల్సింది పోలీసులు. అలాంటప్పుడు ఠాణాకు ఫోన్ చేయండి, చేయి చేసుకోకండి.