అందరికీ అవే మాత్రలు, నంబరు మాత్రం ఎవరిది వాళ్లకే

ఇకమీదట ఎవరి ఒంటికి తగ్గ వైద్యం వాళ్లకేనట. మీ రక్తం, మీ జన్యువులు, మీ నాన్నగారి షుగరు, మీ మేనత్త ఆయాసం అన్నీ ఒకచోట పోగేసి, కంప్యూటరు వాటిని తిరగేసి బోర్లేసి, ఈ మనిషికి ఈ మందు, ఇంత మోతాదు అని తేల్చేస్తుందట. పర్సనలైజ్డ్ మెడిసిన్ అని దీనికి నామకరణం జరిగి చాలాకాలమైంది. రాజమండ్రి దగ్గర మా కోరుకొండ దాకా కూడా వచ్చింది. అంటే, మందు ఇంకా రాలేదు. ముందస్తుగా నంబరొచ్చింది. పద్నాలుగు అంకెలు.

2015 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ఒబామా ప్రెసిషన్ మెడిసిన్ అన్నారు. పది లక్షల మంది ఆరోగ్య వివరాలు, రక్త నమూనాలు సేకరించాలని అక్కడ సంకల్పం చెప్పుకున్నారు. ఇలాంటి వాటిలో మనం వెనకబడే రకమా? 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని డిజిటల్ హెల్త్ మిషన్ ప్రకటించారు. మరుసటేడు సెప్టెంబరు 27న దానికి ఆయుష్మాన్ భారత్ పేరు తగిలించి దేశమంతటా మొదలుపెట్టారు. ఆ నంబరే ఆభా. డెబ్బై కోట్లు ఎప్పుడో దాటేసింది. అమెరికా వాళ్లు ఆ పది లక్షల మందిని కూర్చోబెట్టి ఒప్పించే పనికి ఏళ్లకేళ్లు వెచ్చించారు. మనకి అంత తీరిక లేదు. 2021లో ఆధార్ చూపించి కోవిడ్ టీకా వేయించుకున్న ఎంతోమందికి, తమకొక హెల్త్ ఐడీ పుట్టిందన్న సంగతి సర్టిఫికెట్ మీద నంబరు అచ్చయ్యాక గానీ తెలియలేదు.

నంబరొచ్చాక ఏం జరుగుతుందో చూద్దాం పదండి. ఒక సర్కారు ఆసుపత్రి ఓపీ వరండా. ఊరి పేరెందుకు లెండి, మీ ఊరే అనుకోండి. గోడకి క్యూఆర్ కోడ్ అంటించి ఉంది. స్కాన్ చేస్తే టోకెన్ వస్తుంది. లోపల ఒక్క డాక్టరు, బయట డెబ్బై మంది. మోకాళ్ల నొప్పులతో ఒకాయన వెళ్లాడు, గుండెదడతో ఒకావిడ వెళ్లింది, మూడ్రోజుల జ్వరంతో ఒక పిల్లాడు వెళ్లాడు. ముగ్గురూ బయటికి వచ్చేటప్పుడు చేతుల్లో చూస్తే గ్యాసు మాత్ర, పారాసెటమాల్, బీ కాంప్లెక్సు. తప్పు డాక్టరుదని నేననను. మనిషికి రెండు నిమిషాలు దొరికే కుర్చీలో ధన్వంతరిని కూర్చోబెట్టినా గ్యాసు మాత్రే రాస్తాడు. నేననేదల్లా, టోకెన్లు మూడూ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి వ్యక్తిగత వైద్యం అక్కడిదాకా అమలైనట్టే కదా అని.

సరే, మందు సంగతి తర్వాత. ముందు కంప్యూటరుకి పెడుతున్న మేత ఏమిటో చూడండి. మా వైపు డెబ్బై దాటిన వాళ్లలో లెక్కలేనంతమంది జనవరి 1న పుట్టారు. ఆధార్ తీసేటప్పుడు పుట్టిన ఏడు తప్ప తేదీ చెప్పలేకపోతే యంత్రమే ఆ తేదీ వేసుకుంది. ఇక పింఛను. అరవై నిండితే నెలకి నాలుగు వేలు. యాభై నాలుగేళ్ల మనిషికి ఆధార్‌లో అరవై ఎలా నిండాయో మా ఊరి కొండమీద నరసింహస్వామికే ఎరుక. ఆ మనిషిని తప్పుపట్టను, నాలుగు వేలు నాలుగు వేలే. కానీ కిడ్నీ ఎంతవరకు పనిచేస్తోందో లెక్కగట్టే సూత్రంలో క్రియాటినిన్‌తో పాటు వయసు కూడా వేస్తారు. ఆరేళ్లు ఎక్కువ వేస్తే బాగున్న కిడ్నీ కూడా కాస్త నీరసంగా కనబడుతుంది. పింఛను కోసం పెరిగిన వయసు పుణ్యమా అని రేపు మందు మోతాదు తగ్గుతుంది. కంప్యూటరు లెక్క తప్పిందని మాత్రం ఎవరూ అనలేరు.

ఇంటింటికీ ట్యాబు పట్టుకుని తిరిగే నర్సమ్మని కూడా అడగండి. ఒక చేతిలో గర్భిణుల యాప్, ఇంకో చేతిలో బీపీ షుగర్ల యాప్, నెత్తిమీద హాజరు యాప్. బీపీ మిషన్‌లో బ్యాటరీ అయిపోయింది. గడి ఖాళీగా వదిలితే యాప్ ముందుకి కదలదు. సాయంత్రంలోగా చెప్పినన్ని ఇళ్లు పూర్తి చేయకపోతే వీడియో కాన్ఫరెన్సులో పైవాళ్లు నిలబెట్టి కడిగేస్తారు. ఇంకేం చేస్తుంది? ఆ వీధి వీధంతటికీ 120/80. పదేళ్లు పోయాక ఏ విదేశీ విశ్వవిద్యాలయమో గోదావరి నీళ్లు తాగేవాళ్లకి బీపీ రాదని పరిశోధన పత్రం రాస్తే, పూతరేకులతో సన్మానం చేసి పంపించాలి.

అంగీకారం లేకుండా మీ వివరాలు ఎవరూ ముట్టుకోరని ఆ డిజిటల్ హెల్త్ మిషన్ ప్రణాళికలో రాసుంది. నిజమే. ఆ అంగీకారం ఇలా తీసుకుంటారు:

"మామ్మగారూ, ఓటీపీ వచ్చిందా?"

"నాకెక్కడొత్తాదమ్మా, ఫోను అబ్బాయిది కదా. కూకట్‌పల్లిలో ఉంటాడు."

"ఓసారి ఫోన్ చేసి అడగండి మరి."

"డ్యూటీలో ఎత్తడమ్మా."

మామ్మగారి గుండె కోరుకొండలో కొట్టుకుంటోంది, ఆవిడ అంగీకారం మాత్రం కూకట్‌పల్లిలో నైట్ డ్యూటీ చేస్తోంది. 2023 ఆగస్టులో డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది, ఆ రక్షణ కూడా అబ్బాయి ఫోన్‌కే వెళ్లి ఉంటుంది.

ఇంతకీ మామ్మగారి అసలు రికార్డు ఎక్కడుందో తెలుసా? దూలానికి కొట్టిన మేకుకి వేలాడుతున్న బట్టల కొట్టు కవర్లో ఉంది. రాజమండ్రి దానవాయిపేటలో తీయించిన ఎక్స్‌రే, అక్షరాలు పాలిపోయి గీతలు మాత్రం మిగిలిన ఈసీజీ కాగితం, ఎనిమిదేళ్ల రక్తపరీక్షలు, వాటి మధ్య కోరుకొండ తీర్థంలో ఇచ్చిన కుంకుమ పొట్లం. ఒక మందుల చీటీ వెనక ఎవరో కాంపౌండరు ఎర్ర సిరాతో రాసిన ఒక్క ముక్క: "సల్ఫా పడదు". ఆవిడకి సంబంధించినంతవరకు ఈ జిల్లాలో అంతకన్నా విలువైన డేటా లేదు. ఒకసారి ఆ మందు వేసుకుని ఒళ్లంతా పొక్కిపోయి మంచం పట్టాక రాసిన ముక్క అది. పద్నాలుగంకెల నంబరు కొడితే మాత్రం ఆవిడ పేరు, ఊరు, పుట్టినరోజు జనవరి 1 అని వస్తాయి. ఆ ఎర్రసిరా ముక్క రాదు. పోనీ కవరే డాక్టరు ముందు పెడదామంటే, "పాతవి పక్కన పెట్టండి, మళ్లీ టెస్టులు చేయించుకు రండి" అంటారు. మా కొండమీద గుళ్లో గోత్రనామాలు చెబితే పూజారిగారు అప్పటికప్పుడు అర్చన చేసి ప్రసాదం చేతిలో పెడతారు. ఇక్కడ ఏళ్ల తరబడి గోత్రనామాలు రాసుకుంటూనే ఉన్నారు.

శాస్త్రాన్ని వెక్కిరిస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. శాస్త్రం నిఖార్సైనది, పైగా మనింటి పక్కనే ఉంది. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్ బృందం భారతీయుల్లో సుమారు నాలుగు శాతం మందికి గుండె కండరాన్ని దెబ్బతీసే ఒక జన్యులోపం ఉందని 2009లోనే చెప్పింది. 2017లో ఆయనా, హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైకూ కలిసి 260కి పైగా దక్షిణాసియా సమూహాల జన్యువులు పరిశీలించి రాసిన వ్యాసంలో మన వైశ్యుల ప్రస్తావన ఉంది. ఆపరేషన్ ముందు గొంతులో గొట్టం వేయడానికి కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా నిమిషాల్లో దిగిపోవాలి. దాన్ని అరిగించే ఎంజైము కరవైన వాళ్లకి గంటలు పడుతుంది, అప్పటిదాకా ఊపిరి కూడా సొంతంగా తీసుకోలేరు. ఆ లోటు వైశ్యుల్లో మిగతావాళ్లకన్నా దాదాపు వంద రెట్లు ఎక్కువట. వాసవీ కన్యకాపరమేశ్వరి పుట్టిల్లు పెనుగొండ గోదావరికి ఆ ఒడ్డునే ఉంది. మత్తు ఇచ్చే డాక్టరు ఆపరేషన్ బల్ల పక్కన నిలబడి "మీరు వైశ్యులా? మీ ఇంట్లో ఎవరికైనా మత్తు దిగడం ఆలస్యమైందా?" అని అడిగితే అదే అచ్చమైన వ్యక్తిగత వైద్యం. ఖర్చు రెండు ప్రశ్నలు.

మా ఊరి మీదుగా గోకవరం దాటి రంపచోడవరం, మారేడుమిల్లి వెళ్లే రోడ్డుంది. ఆ కొండల్లో సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉంది, మలేరియా ఉంది. వైవాక్స్ మలేరియా తిరగబెట్టకుండా పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ వేస్తారు. జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్నవాడికి అదే మందు ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. మూత్రం నల్లబడితే మందు ఆపి పరుగెత్తుకు రమ్మని చెప్పడం ఆనవాయితీ. ముందే ఒక చుక్క రక్తం పరీక్ష చేస్తే ఆ పరుగు తప్పుతుంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్ షాడోల్‌లో సికిల్ సెల్ మిషన్ ప్రారంభించి, నలభై ఏళ్లలోపు వాళ్లు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేస్తామన్నారు. మంచి పనే, నేను చప్పట్లు కొడతాను. ఎంతమందికి కార్డులిచ్చామన్నది రోజూ లెక్కేస్తారు. కార్డులో జబ్బుందని తేలిన పిల్లకి హైడ్రాక్సీయూరియా మాత్రలు నెలనెలా కొండెక్కుతున్నాయా అన్నది కూడా అదే తెరమీద, అంతే పెద్ద అక్షరాల్లో చూపించమని నా మనవి.

ఇక జీనోమ్ ఇండియా. 2020లో మంజూరైంది. 83 జనసమూహాల నుంచి పదివేల జన్యుపటాలు తయారుచేసి, 2025 జనవరి 9న పరిశోధకులకి అందుబాటులో పెట్టారు. ఎనిమిది పెటాబైట్ల సమాచారం ఫరీదాబాద్‌లో భద్రంగా ఉంది. శాస్త్రవేత్తలకి గర్వకారణమే. మరి రక్తమిచ్చిన మనిషికి "బాబూ, నీ రక్తంలో ఇది కనబడింది, ఫలానా మందుతో జాగ్రత్త" అనే కబురు ఎప్పుడు? ఒబామాగారు మొదలుపెట్టిన ఆ పథకంలో 2022 డిసెంబరు నుంచి, కోరుకున్న వాళ్లకి ఆ కబురు పంపుతున్నారు. కాపీ కొట్టేవాళ్లం ఆ పేజీ కూడా తిప్పి ఉండాల్సింది.

కంప్యూటర్లో పెడితే అంతా భద్రమనుకోకండి, ఢిల్లీ ఎయిమ్స్‌లో 2022 నవంబరు 23న సైబర్ దాడి జరిగింది. సుమారు రెండు వారాలు అంత పేరున్న ఆసుపత్రి చీటీలు చేత్తో రాసుకుంది. అప్పుడు ఆదుకున్నవి కాగితం, కలం, రోగి చంకలో కవరు.

2025లో మన రాష్ట్రంలో కుప్పం ఆసుపత్రిలో టాటాలతో కలిసి, ఆరోగ్య రికార్డులను డిజిటల్‌గా అనుసంధానించే డిజిటల్ నెర్వ్ సెంటర్ మొదలుపెట్టారు. కోరుకొండకి ఎప్పుడొస్తుందో గానీ, వచ్చేలోగా ఒక చిన్న పని చేసి పెట్టండి. బీపీ గడి ఖాళీగా ఉంటే కదలని ఆ యాప్‌ను "పడని మందు" గడి ఖాళీగా ఉన్నా కదలకుండా చేయండి. ఊరికొక కుర్రాడికి జీతమిచ్చి, మేకులకి వేలాడే కవర్లు దింపి, ఆ ఎర్రసిరా ముక్కలు ఎక్కించమనండి. ఇందులో టెండరు పిలవడానికి పెద్దగా ఏమీ లేదని నాకూ తెలుసు. పోనీ, ప్రభుత్వమే కొత్త కవర్లు కుట్టించి, ఒక పథకం పేరు పెట్టి, ప్రారంభోత్సవం జరిపించుకోవచ్చు. ప్రధానిగారి బొమ్మ, ముఖ్యమంత్రిగారి బొమ్మ, మంత్రిగారి బొమ్మ, ఎమ్మెల్యేగారి బొమ్మ, అన్నీ వేసుకోండి. ఎక్స్‌రే పట్టేంత కవరండీ, జాగాకి కొదవుండదు.