పండగ పూటే చావు మాట ఎత్తండి

సంక్రాంతికి ఇంటిల్లిపాదీ చేరినప్పుడు, భోజనాల దగ్గరే, మీ చావు సంగతి మాట్లాడండి. "పండగ పూట అవేం మాటలు!" అని కసురుతారు. కసరనివ్వండి. కోస్తాలో చాలా ఇళ్లలో ఆ రోజునే పోయిన పెద్దలకు కొత్త బట్టలు పెడతాం, పేరుపేరునా తలుచుకుంటాం. పోయినవాళ్లను పిలుచుకునే రోజున పోబోయేవాళ్ల మాట అపశకునం ఎలా అవుతుంది? పైగా హైదరాబాదు కొడుకూ అమెరికా కూతురూ మళ్లీ ఒకేసారి దొరికేది మీరు ఐసీయూలో ఉన్నప్పుడే కావచ్చు. అప్పటికి మీకు నోట మాట ఉండకపోవచ్చు.

ముందు వెంటిలేటర్ సంగతి తేల్చండి. కోలుకునే ఆశ లేదని డాక్టర్లు చెప్పాక గొట్టాలు ఉంచాలా, తీయాలా? ఆ నిర్ణయం పిల్లలకు వదిలేయడం ప్రేమ కాదు. తీయమన్న కొడుకు తండ్రిని తానే చంపుకున్నానేమోనని కుమిలిపోతాడు. ఉంచమన్న కూతురు అమ్మను అన్నాళ్లు బాధపెట్టానని ఏడుస్తుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. ఇలాంటి కోరికను ముందే రాసి ఉంచే హక్కు మనకుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. దాన్నే లివింగ్ విల్ అంటున్నాం. మొదట్లో మేజిస్ట్రేటు సంతకం కావాల్సి వచ్చేది. 2023లో ఆ మెలిక తీసేశారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరింపజేస్తే చాలు. మీ తరఫున ఎవరు మాట్లాడాలో వాళ్ల పేర్లూ అందులోనే రాయండి.

ఇక ఆస్తి సంగతి. వీలునామాకు తెల్ల కాగితమూ ఇద్దరు సాక్షులూ చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే.

చావు ఇంటికి పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్లండి. జడుసుకుంటారని పక్కింట్లో వదిలేసి, తాతయ్య ఊరెళ్లాడని చెబితే, పిల్లాడు రోజూ గుమ్మం వైపే చూస్తుంటాడు. చల్లబడిన ఆ చెయ్యి పట్టుకోనివ్వండి. అడిగినదానికల్లా నిజం చెప్పండి.

రాత్రి పడుకునేముందు, తెల్లారి లేవనేమో అని ఒక్క నిమిషం నిజంగా అనుకోండి. బౌద్ధ భిక్షువులు దీన్ని సాధనగానే చేస్తారు. భయం వేస్తుంది, వేయనివ్వండి. ఆ వెనకే కొన్ని పేర్లు గుర్తొస్తాయి: పొలం గట్టు తగాదాతో మాటలు మానేసిన అన్నయ్య, మంచాన పడ్డ మేనత్త.

వాళ్ల దగ్గరికి వెళ్లండి. పెద్దకర్మకు వెళ్లకపోయినా పర్వాలేదు, నలుగురూ ఏమనుకున్నా సరే. మనిషి మంచంలో ఉన్నాళ్లూ సెలవు దొరకదంటాం, పోయారంటే రాత్రికి రాత్రే కారు మాట్లాడుకుని పరిగెడతాం. ఆ సెలవేదో ఈ నెలే పెట్టండి, అత్తయ్య మిమ్మల్ని గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచే రోజుల్లోనే.