నీళ్లతో తూచిన ఆవకాయ

చండ్రుగొండలో మా అమ్మ ఆవకాయ పెడితే కొలత ఇత్తడి సోలే. ఆరు సోలల ముక్కలకు సోల కారం, సోల ఆవపిండి, ముప్పావు సోల దంచిన ఉప్పు, రెండు సోలల నూనె. హైదరాబాదులో ఉన్న మా చెల్లెలి దగ్గర సోల లేదు, కాటా ఉంది. "గ్రాముల్లో రాసియ్యి అక్కా" అంది.

నేను సోల నిండా నీళ్లు పోసి తూచాను. 250 గ్రాములు వచ్చింది. సోల ఏదైనా సోలే కదా అని అన్నిటికీ అదే లెక్క కట్టి, కాగితం రాసి పంపాను. ముక్కలు కిలోన్నర, కారం 250, ఆవపిండి 250, ఉప్పు 190, నూనె అరకిలో. చెల్లెలి జాడీ వానలు పడకముందే బూజు పట్టింది. ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. నేనేమో "కాయ ముదరలేదేమోనే" అన్నాను. నమ్మి, కాయలమ్మినామెను తిట్టుకుంది. లెక్క తప్పినందుకు కాదు, ఆ ఒక్క మాటకు నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మళ్లీ మామిడికాయల కాలం వచ్చాక అదే సోలతో ఒక్కొక్కటీ విడిగా తూచాను. ముక్కల మధ్య సందులుంటాయి, సోలకు 140 గ్రాములే తూగాయి. కారం 110. ఆవపిండి 115. మెత్తగా దంచిన ఉప్పు మాత్రం 300. అంటే ముక్కలు, కారం, ఆవపిండి నీళ్లలో సగం అటూ ఇటూ. ఉప్పొక్కటే నీళ్లకన్నా బరువు. నా కాగితం మొదటి మూడింటినీ దాదాపు రెట్టింపు చేసి, ఉప్పును తగ్గించింది. అన్నీ ఒకే పాళ్లలో పెరిగితే పచ్చడి ఎక్కువయ్యేది, అంతే. ఇక్కడ 840 గ్రాముల ముక్కలకు 225 పడాల్సిన ఉప్పు, కిలోన్నర ముక్కలకు 190 పడింది. నూనె కూడా అంత ముక్కకు చాలలేదు. పచ్చడిని కాపాడే రెండూ తక్కువైతే బూజు రాక ఏమొస్తుంది? కారం మాత్రం ముక్కకు తగ్గలేదు, కాస్త ఎక్కువే పడింది. అందుకే కలిపిన రోజు రుచి చూసినా చెల్లెలికి తేడా అంతగా తెలిసి ఉండదు.

ఒకే సోలకు ఒక్కోటి ఒక్కో బరువు తూగుతుందని తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. వంటింట్లో నూనె ప్యాకెట్ మీదే లీటరు, 910 గ్రాములు అని పక్కపక్కన ఉంటుంది. మా వైపు అడవి తేనె సీసాల్లో అమ్ముతారు. 750 మిల్లీలీటర్ల సీసాలో తేనె కిలో దాటుతుంది, ఎత్తితేనే చేతికి తెలుస్తుంది. ఇవన్నీ రోజూ పట్టుకున్న చేతులే నావి. 1956 తూనికలు, కొలతల చట్టం వచ్చాక అంగట్లో శేర్లు పోయి కిలోలొచ్చాయి. అమ్మ కిలోల్లో కొనుక్కొచ్చి, సోలతో కలిపేది. ఆ రెండింటి మధ్య లెక్క ఆమె చేతిలో ఉంది. నేను అడగనే లేదు.

కొత్త కాగితం పంపుతూ చెల్లెలికి అంతా చెప్పాను, కాయ మాట కూడా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఉప్పు దంచకముందు తూచాలా, దంచాకా?" అని అడిగింది. గ్రాముల్లో అయితే ఎప్పుడు తూచినా ఒకటే, ఎండబెట్టి తడి పోయాక తూచు అన్నాను. సోలతో అయితేనే దంచాక కొలవాలి. కల్లుప్పు గడ్డల మధ్య గాలి ఉంటుంది, సోల నిండినట్టే కనిపిస్తుంది గాని బరువు తగ్గుతుంది.