అధ్యక్ష ముఖలేఖన సూత్రం: టీకా తాత్పర్యం

మూలం: అమెరికా అధ్యక్షుని మొగము గీయుము; క్రింద నొక ముచ్చట వ్రాయుము; దండ వేయకుము.

టీక: అధ్యక్షుడు అనగా నాలుగేళ్లకోసారి ఎన్నికయ్యేవాడు, 1951 నాటి రాజ్యాంగ సవరణ పుణ్యమా అని మూడోసారి ఎన్నిక కాలేనివాడు. గీయుము అనగా పెన్సిలుతో గాని, బొగ్గుతో గాని. గోలేటి వాసులు ఇక్కడ పొరబడరాదు: చిత్రకారుల బొగ్గు కట్టె కాల్చి చేసేది, ఖైరిగూడ ఓపెన్‌కాస్టులోంచి డంపర్లు మోసుకొచ్చేది కాదు. ముచ్చట అనగా పరీక్షలో మార్కు తేనిది, విన్నవాడు మరిచిపోనిది. దండకు టీక అక్కర్లేదు.

తాత్పర్యం: సూత్రం బరువంతా చివరి మాట మీదే ఉంది. ముచ్చట లేని బొమ్మ ఇవాళ కాకపోతే రేపు పటమవుతుంది, పటానికి దండ పడుతుంది. జనగామ జిల్లా కొన్నెలో 2019లో ఒక అభిమాని ట్రంప్‌కు ఆరడుగుల విగ్రహం నిలిపి పూజలు చేశాడు. అదే, ముచ్చట తెలిసి గీసే చేతిని చూడండి. 1860 అక్టోబరులో గ్రేస్ బెడెల్ అనే పదకొండేళ్ల పిల్ల, మీ మొహం మరీ సన్నం, గడ్డం పెంచితే ఓట్లు పడతాయని లింకన్‌కు ఉత్తరం రాసింది. ఇప్పుడు కొత్తగా పెంచితే జనం ఏమనుకుంటారోనని జవాబులో సందేహించిన పెద్దమనిషి, ప్రమాణ స్వీకారం నాటికి గడ్డంతోనే దిగాడు. ఇది తెలిసినవాడు ఆ గడ్డం గీస్తూ నవ్వుకుంటాడు. నవ్వుకున్నవాడు సాష్టాంగపడడు.

ఇక్కడ ఆక్షేపం: ముచ్చట్లలో సగం అబద్ధాలు కదా, వాషింగ్టన్‌వి కొయ్యపళ్లని లోకమంతా చెప్పుకోవడం లేదా? నిజమే, అవి కొయ్యవి కావు. కానీ ఆ అబద్ధాన్ని దిద్దబోతే దొరికేది ఇంకా గట్టి ముచ్చట. గిల్బర్ట్ స్టూవర్ట్ 1796లో మొదలుపెట్టి పూర్తిచేయకుండా వదిలిన బొమ్మే డాలరు నోటు మీది ముఖానికి ఆధారం. అందులో పెదవులు బిగిసి ఉంటాయి, నోటి చుట్టూ కాస్త ఉబ్బు కనిపిస్తుంది. ఆ గాంభీర్యంలో సగం కట్టుడు పళ్లది. ఏనుగు దంతం, లోహం, మనుషుల పళ్లు కలిపి చేసిన సెట్లు అవి. ఆయన ఎస్టేటు లెక్కల్లో 1784లో నల్లవాళ్లకు తొమ్మిది పళ్ల కింద సొమ్మిచ్చిన పద్దు కూడా ఉంది. ఆ పద్దు చదివాక పెదవుల దగ్గర పెన్సిలు మునుపటిలా కదలదు.

మరో ఆక్షేపం దీనికంటే బరువైనది: కుమురం భీం పేరున్న జిల్లాలో ఉండి, పరాయి దేశపు దొరలను గీయడమేమిటి? భీం బొమ్మను గీయవద్దని సూత్రం ఎక్కడా అనలేదు. అయితే ఆ బొమ్మ గీసే చేయి ముందే మొక్కుతుంది. మొక్కే చేతికి ముక్కు వంకర కనబడదు. చూడటం నేర్చుకోవడానికి మనకు ఏమీ కాని ముఖమే మేలు.

ఏమీ కాదనుకున్న ముఖాల్లోనూ ఒకటి మనకు చుట్టం వరస పలుకుతుంది. 31వ అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్‌ది గుండ్రటి మొహం, మెడ పట్టేసిన గట్టి కాలరు. 1895లో స్టాన్‌ఫర్డ్‌లో భూగర్భశాస్త్రం చదివి బయటికొచ్చి, తగిన ఉద్యోగం దొరక్క కాలిఫోర్నియా బంగారు గనిలో నైట్ షిఫ్టులో టబ్బులు తోశాడు. మన ఇల్లందులో బొగ్గు తీయడం మొదలై అప్పటికి ఆరేళ్లే. తర్వాత చైనాలో కైపింగ్ బొగ్గు గనుల దాకా వెళ్లాడు. 1912లో భార్య లూ హెన్రీతో కలిసి, అగ్రికోలా రాసిన 1556 నాటి లాటిన్ గనిశాస్త్ర గ్రంథాన్ని ఇంగ్లిషులోకి తెచ్చాడు. కొన్ని పుటల్లో పైన మూలం నాలుగు వరుసలుంటే, మిగతా పుటంతా అడుగున టీకే. అధ్యక్షుల్లో ఇంతటి టీకాకారుడు ఇంకొకడు లేడని ఈ వ్యాఖ్యాత పక్షపాతం.

టబ్బు తోసినవాడట అని మురిసి ఏ సింగరేణి కార్మికుడో దండ తేబోతే, రెండో ముచ్చట చెయ్యి పట్టుకుంటుంది. మహామాంద్యంలో కొలువూ ఇల్లూ పోయినవాళ్లు అట్టలతో, రేకులతో వేసుకున్న గుడిసెల బస్తీలకు అమెరికా జనం పెట్టిన పేరు హూవర్‌విల్.

కనుక గోలేటి పిల్లలారా, మొదట హూవర్‌ను గీయండి. కింద రెండు ముచ్చట్లకూ చాలినంత చోటు వదలండి.