జర్మనీలో పదిరోజుల మౌనవ్రతం

మావాడి స్కూలు నుంచి ఆ మధ్య ఒక సర్క్యులర్ వచ్చింది. ఈ రోజుల్లో సర్క్యులర్ అంటే కాగితం కాదు కదా, ఫోన్లో టింగుమని మోగే పీడీఎఫ్. పైన బెర్లిన్ బ్రాండెన్‌బర్గ్ తోరణం బొమ్మ, కింద డబ్బు కట్టడానికి క్యూఆర్ కోడ్, మధ్యలో నాలుగు ముక్కలు. జర్మన్ చదువుతున్న 8, 9 తరగతుల పిల్లలకి ఆ భాషలో మాట్లాడే అభ్యాసం తక్కువగా ఉంది గనక వాళ్లని జర్మనీ తీసుకెళ్తున్నారట. పది రోజులు. మనిషికి 3 లక్షల 80 వేలు, జేబుఖర్చు వేరే. బెర్లిన్ ప్రోగ్రాంలో లేదు. బొమ్మ బాగుందని వేశారు.

అభ్యాసం తక్కువన్న మాట అబద్ధం కాదు. మావాడికి జర్మన్లో 100కి 97 వస్తాయి. ఆ మూడు మార్కులు ఎక్కడ పోతున్నాయని మా ఆవిడ దిగులు. ఒకరోజు భోజనాల దగ్గర "ఏదీ, ఓ రెండు ముక్కలు జర్మన్లో మాట్లాడరా" అన్నాను. "క్వశ్చన్ ఇవ్వు నాన్నా" అన్నాడు. ప్రశ్న ఉంటే జవాబు రాస్తాడు, ఖాళీ ఉంటే పూరిస్తాడు, జతపరచమంటే జతపరుస్తాడు. ఊరికే మాట్లాడమంటే ఎవరితో, ఎందుకు అని వాడి సందేహం. న్యాయమైన సందేహమే.

శనివారం పేరెంట్స్ మీటింగ్. ఏసీ హాలు, సమోసా, టీ. ప్రిన్సిపల్ మేడం రెండు నిమిషాలు మాట్లాడి మైకు ట్రావెల్స్ ఆయనకి ఇచ్చేశారు. మొదటి ప్రశ్న ముందు వరసలోంచి వచ్చింది: "ఫుడ్డేంటండీ?" రెండో ప్రశ్న: "రాత్రికి పెరుగన్నం ఉంటుందా?" మూడోది: "రోజుకి రెండుసార్లు వీడియో కాల్ చేయిస్తారా?" నాలుగోది: "రూముకి ఎంతమంది? మావాడు వాళ్ల ఫ్రెండ్‌తోనే ఉండాలి, ఇంకొకళ్లతో నిద్రపోడు." ట్రావెల్స్ ఆయన అన్నిటికీ సిద్ధంగా వచ్చాడు. ముప్ఫైమంది పిల్లలకి ఇద్దరు వంటవాళ్లు వస్తారు, ఒక రైస్ కుక్కర్ పెట్టె వస్తుంది, ఊరూరా ఇండియన్ రెస్టారెంట్ మాట్లాడేశారు. హోటల్లో చెక్ఇన్ ఆయన మనిషే చేయిస్తాడు, టికెట్లు ఆయన మనిషే కొంటాడు, బస్సు మనదే, గైడు ఇంగ్లిష్‌లో చెబుతాడు. చివరికి గుండె మీద చెయ్యేసుకుని ఒక మాట ఇచ్చాడు: "మీరేం టెన్షన్ పడకండి. పిల్లలకి ఎక్కడా జర్మన్ మాట్లాడాల్సిన అవసరం రాకుండా మేం చూసుకుంటాం."

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, సమోసా చేతిలో ఉంది గనక ఒంటిచేత్తో తొడ మీద.

తెర మీద ప్రోగ్రాం వేశారు. మొదటి రెండు రోజులు ఫ్రాంక్‌ఫర్ట్, హైడల్‌బర్గ్ కోట. తర్వాత మూడు రోజులు పారిస్. ఆ తర్వాత రెండు రోజులు స్విట్జర్లాండ్, టిట్లిస్ మంచుకొండ. ఎనిమిదో రోజు బ్లాక్ ఫారెస్ట్‌లో టిటిజే సరస్సు, కుక్కూ గడియారాల కొట్టు. మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్, విమానం. ఊరుకోలేక లేచి అడిగాను: "పారిస్‌లో పిల్లలు జర్మన్ ఎవరితో మాట్లాడతారండీ?" ఆయన జాలిగా చూశాడు. "ఐఫిల్ టవర్ లేకపోతే సీట్లు నిండవు సార్." స్విట్జర్లాండ్ సంగతి వేరు, అక్కడా జర్మనే కదా అని మేడం సర్దిచెప్పారు. అక్కడ జనం ఇంట్లో, వీధిలో మాట్లాడుకునే జర్మన్ మావాడి పాఠ్యపుస్తకంలోది కాదని, అది పక్కదేశపు జర్మన్లకే ఓ పట్టాన అర్థం కాదని నేను చెప్పబోయాను గాని, మైకు అప్పటికే స్వెట్టర్ల దగ్గరికి వెళ్లిపోయింది. పోనీ టిట్లిస్ మీద ఏదో ఒక భాష అభ్యాసం అవుతుంది. అక్కడ షారుఖ్ ఖాన్, కాజోల్ నిలువెత్తు కటౌట్ ఉంది. హిందీ బాగుపడుతుంది.

నాకు ఉండబట్టక మాక్స్ ముల్లర్ సంగతి ఎత్తాను. మన దేశంలో జర్మన్ నేర్పే సంస్థకి మాక్స్ ముల్లర్ భవన్ అని పేరు పెట్టుకున్నారు. ఆయన 1823లో డెసావ్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో కూచుని ఋగ్వేదాన్ని సాయణభాష్యంతో సహా అచ్చేయించాడు. దాని మీద తన పేరు మోక్షమూలరుడని సంస్కృతంలో వేసుకున్నాడు. 1900లో పోయేదాకా ఆ మహానుభావుడు ఒక్కసారి కూడా భారతదేశంలో అడుగుపెట్టలేదు. కాశీకి పది రోజుల ప్యాకేజీ లేకుండానే పని కానిచ్చాడు. ఇదంతా చెప్పి కూచుంటే, ట్రావెల్స్ ఆయన "అప్పట్లో గ్రూప్ డిస్కౌంట్లు లేవు కదా సార్" అన్నాడు. కాదనలేకపోయాను.

వెనక వరసలో జర్మన్ టీచరమ్మ కూచుని ఉంది. ఆవిణ్ని ఎవరూ ఏమీ అడగలేదు. నేను పక్కకి పిలిచి అడిగితే చిన్న గొంతుతో చెప్పింది. అసలు పద్ధతి ఇచ్చిపుచ్చుకోవడం అండీ. అక్కడి స్కూలొకటి, మన స్కూలొకటి జతకట్టాలి. మన పిల్ల రెండు వారాలు వాళ్లింట్లో ఉంటుంది, వాళ్లతో బడికి వెళ్తుంది. తర్వాత వాళ్ల పిల్ల వచ్చి మనింట్లో ఉంటుంది. ఇంటికి ఒక్క పిల్లే. అప్పుడు ఉప్పు కావాలన్నా, దుప్పటి చాలకపోయినా, బెంగపెట్టుకున్నా జర్మన్లోనే చెప్పుకోవాలి.

ఈ మాట మేడం దాకా వెళ్లింది, మేడం పెద్దమనసుతో మైకులో చెప్పారు. హాలు అట్టుడికిపోయింది. రాత్రిపూట వాళ్లు పొయ్యి వెలిగించకుండా రొట్టె, చీజు, చల్లటి మాంసం ముక్కలు పెట్టేసి దాన్నే భోజనం అంటారని ఎవరో చెప్పారు. అది నిజమే, దానికి పేరు కూడా ఉంది, ఆబెండ్‌బ్రోట్, అంటే సాయంకాలపు రొట్టె. "చంటిపిల్లాడికి చద్దిరొట్టె పెడతారా?" అని ఒక తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. చంటిపిల్లాడు పక్కనే ఐదడుగుల ఎనిమిదంగుళాలు ఉన్నాడు, మీసం వస్తోంది. మా ఆవిడ బెంగ వేరు. వాళ్ల పిల్ల మనింటికొస్తే బాత్‌రూమ్‌కి కొత్త టైల్స్ వేయించాలి, దానికంటే పారిసే చవక అంది.

పోనీ యూత్ హాస్టల్లో ఉంచుదామన్నాను. వాటికి జర్మనీయే పుట్టిల్లు. 1909లో రిషర్డ్ షిర్మాన్ అనే బడిపంతులు పిల్లల్ని వెంటేసుకుని కాలినడకన పోతూ గాలివానలో చిక్కుకున్నాడు. ఒక పల్లెటూరి బడిలో గడ్డి పరుచుకుని ఆ రాత్రి తలదాచుకున్నారు. సెలవుల్లో ఖాళీగా పడుండే బళ్లని పిల్లలకి బసగా ఎందుకు ఇవ్వకూడదని ఆ రాత్రి ఆయనకి తోచింది. ప్రపంచమంతా ఉన్న యూత్ హాస్టళ్లకి బీజం అదే. ఇప్పటికీ అక్కడి పిల్లలు క్లాసుతో కలిసి అలాంటి చోట్ల దిగుతారు, ఎవరి పక్క వాళ్లే వేసుకుంటారు, తిన్న పళ్లాలు వాళ్లే తీసుకెళ్లి పెడతారు. "అంటే మావాడే దుప్పటి మడతపెట్టుకోవాలా?" అన్నాడు నా పక్కన కూచున్న బిల్డరు. గాలివాన ప్యాకేజీలో ఉందా లేదా అని మాత్రం అడగలేదు, అది నయం.

చివరికి ఆ ప్యాకేజీయే ఖాయమైంది. వీసా తంతు త్వరగానే అయింది. తల్లిదండ్రుల సమ్మతిపత్రం, నోటరీ ముద్ర, 30 వేల యూరోల బీమా, వేలిముద్రలు. ఫారంలో ప్రయాణ ఉద్దేశం అన్నచోట ఏజెంటు 'పర్యటన' అని రాశాడు. ఆ మొత్తం వ్యవహారంలో పచ్చినిజం అదొక్కటే.

మన పిల్లల జర్మన్ చదువులో ఇంకో తమాషా ఉంది. అది ఇంగ్లిష్ మీదుగా నడుస్తుంది. 'ఎందుకంటే' అన్న మాట పడగానే జర్మన్లో క్రియ వాక్యం చివరికి పోయి కూచుంటుంది. ఇంగ్లిష్ పిల్లాడికి ఇది కాలకూట విషం. మనకి క్రియ చివర రాకపోతే అసలు వాక్యమే కాదు. జర్మన్లో అమ్మాయి అనే మాట నపుంసకలింగం, డాస్ మేడ్‌షెన్. ఇదేం చోద్యమని మార్క్ ట్వెయిన్ 1880లో పనిగట్టుకుని తిట్టిపోశాడు. మనం అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది అని ముగ్గుర్నీ ఒకే గాటన కట్టి ఎన్ని వందల ఏళ్లయిందో. నువ్వుకి డూ, మీరుకి జీ. హిందీ జీకి దగ్గరగా పలుకుతుంది, మర్యాదా దాదాపు అంతే. కానీ మావాడు తెలుగులో ఆలోచించడు. ఆలోచించి పైకి అంటే స్కూలు డైరీలో రాస్తారు. ఇంగ్లిష్‌లో అందరూ 'యూ' గనక, హైడల్‌బర్గ్‌లో తెల్లజుట్టు పెద్దావిణ్ని పట్టుకుని డూ అనేశాడట. మా అమ్మమ్మని 'ఏమే' అన్నట్టు. ఆవిడ నవ్వి ఇంగ్లిష్‌లో దారి చెప్పింది.

ఇంగ్లిష్‌లో చెప్పడం అక్కడివాళ్ల మంచితనం. మన పిల్లలకి అదే గండమైంది. బేకరీలో మావాడు రెండు బన్నులు కావాలన్న వాక్యం, "ఇష్ హెట్టె గెర్న్ ట్స్‌వై బ్రోట్‌షెన్", మనసులో పదిసార్లు వల్లెవేసుకుని, వరసలో నిలబడి, తీరా తన వంతు వచ్చేసరికి 'ఇష్' దగ్గర ఊపిరి పీల్చాడు. కొట్టమ్మాయి వాడి మొహం చూసి "టూ రోల్స్? ఎనీథింగ్ ఎల్స్?" అంది. మూడేళ్ల చదువు ఆ రెండు రోల్స్‌తో ముగిసింది.

ఆ రోజు రాత్రి ఫ్రాంక్‌ఫర్ట్‌లో భోజనం వడ్డించిన కుర్రాడిది కరీంనగర్. పగలు మాస్టర్స్ చదువు, సాయంత్రం ఈ పని. 2023-24 లెక్క ప్రకారం అక్కడి విశ్వవిద్యాలయాల్లో మన దేశపు పిల్లలు 49 వేల పైచిలుకు. ఆ విషయంలో చైనావాళ్లని కూడా దాటేశారు. ఆ కుర్రాడు పప్పు వడ్డిస్తూనే పక్క టేబుల్ జర్మన్ ముసలాయనతో బిల్లు గురించి గడగడా వాదించి నెగ్గాడట. ఎలా వచ్చిందన్నా అంటే, "క్లాసులు ఇంగ్లిష్‌లనే ఉంటయ్ తమ్మీ. రూం కోసం ముప్ఫై ఇళ్లు తిరిగిన, అట్లొచ్చింది" అన్నాడట. హైదరాబాద్‌లోనే, ఏ విమానం ఎక్కకుండా, నర్సింగ్ చదివిన అమ్మాయిలు అక్కడి ఆస్పత్రుల్లో ఉద్యోగాల కోసం రాత్రీపగలూ కూచుని జర్మన్ భాషలో బి1, బి2 పరీక్షలు గట్టెక్కుతున్నారు. వాళ్లకి ఐఫిల్ టవర్ ఎవరూ చూపించలేదు.

మావాడు మాత్రం జర్మనీలో జర్మన్ మాట్లాడాడు. దానికి బాధ్యత బస్సు డ్రైవరుది.

తొమ్మిదో రోజు టిటిజే నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వస్తుంటే హైవే మీద ట్రాఫిక్ జామ్. యూరప్ చట్టం ప్రకారం నాలుగున్నర గంటలు బండి నడిపిన డ్రైవరు 45 నిమిషాలు ఆగి తీరాలి. ఆ లెక్కంతా బండిలో ఉండే మీటరు రాసుకుంటుంది. టూర్ మేనేజరు బతిమాలినా, డిన్నర్ చల్లారిపోతుందన్నా డ్రైవరు వినలేదు. ఒక చిన్న ఊళ్లో, సూపర్‌మార్కెట్ ఎదురుగా బండి ఆపి, ఇంజన్ కట్టేసి, సాండ్‌విచ్ విప్పుకున్నాడు. ప్రోగ్రాంలో లేని 45 నిమిషాలు.

అక్కడ నీళ్ల సీసా కొంటే 25 సెంట్లు పూచీగా అదనంగా పట్టుకుంటారు. ఖాళీ సీసా తెచ్చి మిషన్లో వేస్తే ఆ డబ్బుకి చీటీ వస్తుంది. మావాడు నాలుగు సీసాలు పట్టుకెళ్లాడు. మూడు తీసుకుంది, నాలుగోదాన్ని బయటికి ఉమ్మేసింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఉమ్మేసింది. ఆ సీసాని మావాడు బస్సులో నలిపాడు. మన దగ్గర సీసా మీద 'వాడాక నలిపి పారేయండి' అని రాసి ఉంటుంది. పిల్లాడు బుద్ధిమంతుడు, రాసింది చేస్తాడు. నలిగితే మిషన్ దాని మీది గీతలు చదవలేదు. సామాన్లు సర్దుతున్న ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు. ఎదురుగా క్వశ్చన్ పేపర్ లేదు. "ఎంట్‌షుల్డిగుంగ్, ఫ్లాషె... కపూట్" అన్నాడు మావాడు. క్షమించండి, సీసా చెడిపోయింది. ఆవిడ ఏదో చాలా చెప్పింది. వీడికి తెలియలేదు. చివరికి ఆవిడ బుగ్గలు పూరించి "పూస్టెన్! పూస్టెన్!" అంది. ఊదరా నాయనా ఊదు అని. వీడు సీసా మూతి నోట్లో పెట్టుకుని ఊదాడు. సీసా టప్పున ఉబ్బింది. మిషన్ మింగేసింది. ఆవిడ వీణ్ని భుజం తట్టి, ఏ ఊరు, ఏం చదువుతున్నావు, చలిగా ఉందా అని అడిగింది. అవన్నీ ఆరో తరగతి మొదటి పాఠంలో ఉన్నవే, అన్నిటికీ చెప్పాడు. ఈసారి డూ అనలేదట, జీ అన్నాడట. బస్సు హారన్ మోగేదాకా అక్కడే ఉన్నాడు.

ఇంటికొచ్చాక ఐఫిల్ టవర్ గురించి అడిగితే "బాగుంది" అన్నాడు. పూస్టెన్ గురించి మూడు రోజులు చెప్పాడు, మా అమ్మ చేత కూడా ఒక సీసా ఊదించాడు.

నిన్న వచ్చే ఏడాది సర్క్యులర్ వచ్చింది. తల్లిదండ్రుల ఫిర్యాదులు పరిశీలించి తగిన మార్పులు చేశారట. తొమ్మిదో రోజు డిన్నర్ ఆలస్యమైనందుకు చింతిస్తూ, ఈసారి బస్సుకి ఇద్దరు డ్రైవర్లని పెడుతున్నారు. బండి దారిలో ఎక్కడా ఆగదు. మొదటి వాయిదా నెలాఖరులోగా కట్టాలి.